గజాల లెక్కలో గల్లంతయ్యేది ఎవరు?

మిరప కల్లాల దగ్గర క్వింటా రేటు మాట్లాడుకోవడం మన పల్నాడులో ఏటా ఉండేదే. ఇప్పుడు ఆ మాటల్లోకి గజం రేటు కూడా వచ్చి కూర్చుంది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు వెంబడి, ఊళ్లకు దగ్గరగా ఉన్న చేలల్లో, పత్తి కట్టె పీకిన చోట రంగు వేసిన హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. రోడ్డు వైపు దుకాణాల వరుస, వాటి పైన ఫ్లాట్లు, వెనుక ఇళ్ల స్థలాలు, ఒక మూల ఫంక్షన్ హాలు. మధ్యవర్తులు పంచే రంగుల కాగితాల్లో ఉండే బొమ్మ ఇదే. ఇళ్లూ వ్యాపారమూ ఒకేచోట కలిపి కట్టే ఈ పద్ధతిని ప్రణాళికల భాషలో మిశ్రమ వినియోగం అంటారు. ఆ కాగితంలో పార్కు ఉంటుంది, వెడల్పాటి రోడ్డు ఉంటుంది. పక్క చేను మాత్రం ఉండదు. ఆ చేనికి నీళ్లు తెచ్చే బోదె ఉండదు.

ఈ నెల మనం మాట్లాడుకోవలసింది ఆ కాగితంలో లేనివాళ్ల గురించి.

ముందుగా ఒక మాట. భూమి అమ్ముకోవద్దని మన సంఘం ఏ రైతుకూ చెప్పదు. చెప్పే హక్కు మనకు లేదు. కౌలుతో కలిపి ఎకరా మిరపకు పెట్టుబడి రెండు లక్షలు దాటుతున్న రోజుల్లో, 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. ఆ లెక్క చేతికందని రైతు అప్పు తీర్చుకోవడానికో, బిడ్డ పెళ్లికో, చదువుకో రోడ్డు పక్క ఎకరం అమ్మితే అతన్ని తప్పుపట్టేవాళ్లం కాదు. గిట్టుబాటు ధర ఇవ్వని ప్రభుత్వాలే ఆ రైతును మధ్యవర్తి దగ్గరకు నెట్టాయి. మన తగాదా అమ్మిన రైతుతో కాదు. ఎకరం చేతులు మారేటప్పుడు పాస్‌పుస్తకం ఉన్నవాడినీ డబ్బు ఉన్నవాడినీ ఇద్దరినే మనుషులుగా లెక్కగట్టే పద్ధతితో మన తగాదా.

ఒక చేను మీద బతికేవాళ్లు ఇద్దరే కాదు గదా. ఆ చేను చేసే కౌలుదారు ఉన్నాడు. కలుపు తీసి, కాయ కోసే కూలీలు ఉన్నారు. అదే బోదె మీద దిగువన నీళ్లు పెట్టుకునే రైతులు ఉన్నారు. వాన నీరు, మురుగు నీరు ఎటు మళ్లితే అటు మునిగే పాత కాలనీ ఉంది. ఈ నలుగురికీ ఆ బేరంలో సంతకం లేదు.

అమరావతి చెప్పిన పాఠం

ఈ మాట మనం ఊహించి చెప్పడం లేదు. మనకు దగ్గరలోనే జరిగిన పెద్ద ఉదాహరణ ఉంది.

2014 డిసెంబరులో సీఆర్‌డీఏ చట్టం వచ్చింది. 2015 మొదట్లో తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోని రాజధాని గ్రామాల్లో భూసమీకరణ మొదలైంది. దాదాపు 34 వేల ఎకరాలను 28 వేలకు పైగా రైతులు ఇచ్చారు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క ఇది: మెట్ట ఎకరాకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు ఎకరాకు 1,000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. దాంతోపాటు మెట్టకు ఎకరాకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, ఏటా పది శాతం పెంపుతో పదేళ్ల పాటు. ఎకరా అంటే 4,840 గజాలు. అంటే మెట్ట రైతుకు తిరిగి వచ్చేది నాలుగో వంతుకు కాస్త పైన, జరీబు రైతుకు దాదాపు 30 శాతం. మిగిలింది రోడ్లకు, కార్యాలయాలకు, అమ్మకానికి.

కాగితం మీద ఇది చెడ్డ బేరంగా కనిపించలేదు. చాలామంది ఇష్టపడే ఇచ్చారు. ఉండవల్లి, పెనుమాక వంటి ఊళ్లలో ఏడాది పొడవునా కూరగాయలు, అరటి, పూలు పండే జరీబు భూములున్న రైతులు ఇవ్వబోమని నిలబడ్డారు. ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా ఆశలో లేదు. చేను ఏటా చేతిలో ఎంత పెడుతుందో ఆ లెక్కలో ఉంది.

తరవాత ఏమైందో అందరికీ తెలుసు. కృష్ణ ఒడ్డున 1,691 ఎకరాల్లో ఆఫీసులూ ఇళ్లూ దుకాణాలూ కలిపి కట్టాలన్న స్టార్టప్ ప్రాంతం పనిని 2017 మేలో సింగపూరు కంపెనీల కూటమితో ఒప్పందం చేసి అప్పగించారు. 2019 నవంబరులో ఆ ఒప్పందం రద్దయింది. ఆ డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. రైతులు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుమల దాకా నడిచారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతులకు అనుకూలంగా తీర్పిచ్చింది. అందులో పెట్టిన గడువులపై అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి. పదేళ్లలో నాలుగు మలుపులు. ఏ మలుపులోనూ రైతు నిర్ణయం లేదు.

ఇంతకన్నా లోతైన పాఠం ఇంకొకటి ఉంది. భూమి ఇచ్చిన రైతుకు కనీసం చేతిలో ఒక కాగితం ఉంది. ఆ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్లగలిగాడు, రోడ్డెక్కగలిగాడు. అదే చేను కౌలుకు చేసినవాడికి కౌలుదారుగా ఒక్క గజం రాలేదు. భూమిలేని కుటుంబాలకు ఇచ్చింది నెలకు 2,500 రూపాయల పింఛను. ఊరి చేలల్లో ఏడాది పొడవునా పని దొరికిన ఆడకూలీలు ఆటోలెక్కి దూరపు ఊళ్లకు కోతలకు పోవాల్సి వచ్చింది. అంత పెద్ద పథకంలో, అంత వివరంగా రాసిన చట్టంలోనే కౌలుదారు లెక్క తప్పిపోతే, మన రోడ్డు పక్క ఇద్దరు ముగ్గురు భాగస్తులు వేసే వెంచర్‌లో అతన్ని అడిగేది ఎవరు?

రైతులే వాటాదారులైతే?

ఇలాంటి కట్టడాలన్నీ రైతును ముంచుతాయని చెప్పడం కూడా సరికాదు. మహారాష్ట్రలో పుణె పక్కన హడప్సర్‌లో మగర్‌పట్టా అనే చోట చెరకు పండించే 120 దాకా రైతు కుటుంబాలు తమ 400 ఎకరాలకు పైగా భూమిని ఎవరికీ అమ్మకుండా కలిపాయి. తామే ఒక కంపెనీ పెట్టుకుని, ఎవరి భూమి ఎంతో అంత వాటా రాసుకున్నాయి. అక్కడ ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు, బడి, ఆసుపత్రి ఒకేచోట లేచాయి. పట్టణం పెరిగిన కొద్దీ వచ్చిన లాభం మధ్యవర్తి జేబులోకి పోకుండా ఆ కుటుంబాలకే వచ్చింది. రైతులు కలిసి నిలబడితే గజం రేటు నిర్ణయించే కుర్చీలో రైతే కూర్చోవచ్చని అది చూపించింది.

అయితే అక్కడ కూడా వాటా వచ్చింది భూమి ఉన్నవాడికే. కాబట్టి మగర్‌పట్టా నుంచి మనం తీసుకోవలసింది సగమే. మిగతా సగం, అంటే కౌలుదారు, కూలీ, పక్క చేను లెక్క, మనమే రాసుకోవాలి.

మన బోదె, మన డొంక, మన బోరు

ఇప్పుడు మన మండలం సంగతికి వద్దాం. దాచేపల్లి నగర పంచాయతీ అయింది. 2021 నవంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు వేరే జిల్లా. ఊరు పట్టణమైతే చుట్టుపక్కల చేలకు రేటు రావడం సహజం. వీధి దీపాలు, ఆసుపత్రి, పిల్లలకు దగ్గరలో కాలేజీ మనకూ కావాలి. దుకాణాలు వస్తే పది మందికి పని దొరుకుతుందన్న మాట కూడా నిజమే. కానీ ఒక చేను ప్లాట్లు కాగానే పక్కన జరిగేది ఏమిటో ఒక్కొక్కటిగా చూడాలి.

మొదటిది నీళ్లు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఆ కుడి కాలువే మన నల్లరేగడికి ప్రాణం. మేజరు కాలువ సర్కారుది, దాన్ని ఎవరూ పూడ్చరు. తూము దాటాక చేనికీ చేనికీ మధ్య నడిచే బోదె మాత్రం అందరిదీ, ఎవరిదీ కాదు. వెంచర్ వేసేవాడు నేల చదును చేయించేటప్పుడు మట్టి కింద పోయేది అదే. పై చేను ప్లాట్లయ్యాక దిగువన ఉన్న పది ఎకరాలకు తడి అందక, సరిగ్గా కాయ దిగే సమయంలో మిరప వాడిపోయిన చోట్లు మన సభ్యులే చూపించారు. బోదె పూడ్చినవాడికి ఆ సంగతి తెలిసి కూడా ఉండదు. అతని కాగితంలో అది రోడ్డు.

రెండోది దారి. పాత డొంకల మీద ట్రాక్టరు, ఎరువు బండి, కోత కూలీలు నడుస్తారు. వెంచర్‌కు ప్రహరీ కట్టి గేటు పెడితే వెనుక చేలకు దారి మూసుకుపోతుంది. దారిలేని చేను రేటు పడిపోతుంది. అప్పుడు అదే మధ్యవర్తి వచ్చి తక్కువకు అడుగుతాడు.

మూడోది కౌలు. పండించే భూమి తగ్గితే మిగిలిన భూమికి పోటీ పెరుగుతుంది, కౌలు పెరుగుతుంది. గజం రేటు పెరిగిన చోట భూయజమాని కౌలు కాగితం మీద సంతకం పెట్టడానికి ఇంకా భయపడతాడు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు 11 నెలల సాగు హక్కు పత్రం రావాలి. యజమాని సంతకం లేనిదే అది రాదు. పత్రం లేకపోతే పంట రుణం లేదు, నష్టపరిహారం లేదు. చేను అమ్మకానికి పెట్టిన రోజే ఆ కౌలుదారు బజారున పడతాడు. సాళ్లలో పంట నిలబడి ఉన్నా సరే.

నాలుగోది మురుగు. మనది సున్నపురాయి నేల. పల్నాటి నాపరాయి పొరల్లో పగుళ్ల గుండా నీళ్లు దూరం పోతాయి. ఒకచోట మరుగుదొడ్ల గుంట, దగ్గరలోనే తాగునీటి బోరు ఉంటే రెండూ కలవడానికి ఎంతో కాలం పట్టదు. 2024 అక్టోబరులో మన దాచేపల్లి అంజనాపురం కాలనీలో అతిసారం వచ్చి ప్రాణాలు పోయిన సంగతి మనం మరిచిపోలేదు. అప్పుడు బోర్లు మూయించాల్సి వచ్చింది. డ్రైనేజీ లేకుండా, పైపు నీళ్లు లేకుండా కొత్తగా వందల ఇళ్లూ దుకాణాలూ లేస్తే ఆ మురుగు పోయేది ఎక్కడికి? నాగులేరులోకి, లేదంటే పల్లంలో ఉన్న పాత కాలనీల్లోకి. ఆ కాలనీల్లో ఉండేది ఎక్కువగా కూలీ కుటుంబాలే.

చట్టంలో ఉన్నది అడుగుదాం

అడగడానికి మన చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కాలువలకు అడ్డు కట్టడం, పాడుచేయడం నేరమని చెబుతోంది. నీటి సంఘాలకు ఫిర్యాదు చేసే అధికారం ఉంది. 2002 నాటి వాల్టా చట్టం చెరువులు, వాగులు, భూగర్భ జలాల రక్షణ కోసం వచ్చినదే. లేఅవుట్ వేస్తే కనీసం పది శాతం స్థలం ఖాళీగా, అందరి కోసం వదలాలి. ఆ స్థలం వెంచర్ యజమానిది కాదు, ఊరిది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్లాట్లు అమ్మకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ పనికే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.

ఇంకో పక్క ఉన్న కట్టుబాట్లు సడలుతున్నాయి. సాగుభూమిని వేరే పనికి మార్చాలంటే 2006 నాటి నాలా చట్టం కింద రెవెన్యూ అనుమతి కావాల్సి వచ్చేది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆ చట్టాన్నే రద్దు చేయాలని నిర్ణయించింది. వ్యాపారులకు పని తేలికవుతుందన్నది కారణం. నాలా అనుమతులు గొప్పగా నడిచాయని మనం అనడం లేదు. అక్కడ చేతులు తడపనిదే ఫైలు కదలదన్నది అందరూ చెప్పుకునే మాటే. కానీ ఆ మెట్టు తీసేసినప్పుడు, పక్క రైతు అభ్యంతరం వినే ఇంకో మెట్టు ఎక్కడైనా కట్టాలి గదా. ఆ మెట్టు కట్టమన్నదే మన కోరిక.

మన సంఘం ముందుపెడుతున్న కోరికలు ఇవి:

1. ఏ లేఅవుట్‌కైనా అనుమతి ఇచ్చేముందు అదే బోదె మీద ఉన్న దిగువ రైతులకు నోటీసు ఇవ్వాలి. నీటి సంఘం, నీటిపారుదల శాఖ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బోదె ఎక్కడ నడుస్తుందో లేఅవుట్ పటంలోనే గీయాలి.

2. డొంకలు, బండి దారులు మూయకూడదు. వెనుక చేలకు ట్రాక్టరు పట్టే దారి వదలాలి.

3. సాగులో ఉన్న కౌలుదారుకు నిలబడ్డ పంట చేతికొచ్చేదాకా గడువు, అమ్మకం ధరలో ఒక వాటా పరిహారంగా ఇప్పించాలి. కౌలు కాగితం లేదన్న సాకు చెల్లదు. ఈ-పంట నమోదు, ఇరుగుపొరుగు సాక్ష్యం చాలు.

4. మురుగు ఎక్కడికి పోతుంది, తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అన్నది తేల్చకుండా దుకాణాలకూ ఫ్లాట్లకూ అనుమతి ఇవ్వకూడదు.

5. ఊరికి వదలాల్సిన పది శాతం స్థలాలన్నీ నగర పంచాయతీ పేర రాసుకుని, జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాలి.

అమ్మే రైతులకు కూడా కొన్ని మాటలు చెప్పాలి. బయానా తీసుకుని పాస్‌పుస్తకం, లింకు దస్తావేజులు మధ్యవర్తి చేతికి ఇవ్వకండి. పూర్తి డబ్బు ముట్టకముందే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వకండి. ప్లాట్లలో వాటా ఇస్తామంటే ఆ ఒప్పందం రిజిస్టరు చేయించండి. ఏ ప్లాట్లు మీవో నంబర్లతో, ఏ తేదీలోగా ఇస్తారో గడువుతో రాయించుకోండి. రోడ్డు వైపు దుకాణాల స్థలం వాళ్లకూ, వెనుక మూల స్థలం మీకూ రాసే ఒప్పందాలు జాగ్రత్తగా చదవండి.

మరొక సంగతి చాలామందికి తెలియదు. పల్లెలో సాగుభూమి అమ్మితే మూలధన లాభంపై ఆదాయపు పన్ను లేదు. పది వేలకు పైగా జనాభా ఉన్న పురపాలక ప్రాంతం లోపలి భూమికి ఆ మినహాయింపు వర్తించదు. జనాభా పది వేలు దాటి లక్ష లోపు ఉంటే, హద్దు నుంచి రెండు కిలోమీటర్ల దాకా ఉన్న భూమికీ అదే నియమం. మన ఊరు నగర పంచాయతీ అయ్యాక ఈ నియమం మన చేల మీదికి వచ్చింది. వచ్చిన డబ్బుతో రెండేళ్లలోపు వేరే సాగుభూమి కొంటే ఊరట ఉంటుంది. అమరావతి భూసమీకరణ రైతులకు 2017లో కేంద్రం ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. మన రోడ్డు పక్క రైతుకు అలాంటిది లేదు. బేరం కుదిరే ముందే ఒక ఆడిటరును అడగండి. పన్ను తీశాక చేతికెంత వస్తుందో అదే అసలు రేటు.

పక్క చేలవాళ్లు చేయవలసిన పని కూడా ఉంది. మీ బోదె మీద, మీ డొంక మీద హద్దురాళ్లు పడుతున్నాయంటే రోడ్డు పోసేదాకా ఆగకండి. సర్వే నంబరు, తేదీ రాసుకుని, ఫోనులో ఫోటో తీసి, సచివాలయంలోనూ నీటి సంఘంలోనూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కడు ఇస్తే అది గొడవ అంటారు. ఆ బోదె మీది రైతులంతా కలిసి ఇస్తే అది ఫిర్యాదు అవుతుంది. కౌలుదారులు ఈ సీజనులోనే ఈ-పంటలో తమ పేరు ఉందో లేదో చూసుకోవాలి.

ప్రతి గ్రామ శాఖ వచ్చే సమావేశానికి రెండు జాబితాలు తేవాలని కోరుతున్నాం. ఒకటి: మీ ఊరి పొలిమేరలో గత రెండేళ్లలో ప్లాట్లుగా మారిన చేలు, వాటి సర్వే నంబర్లు, వాటి దిగువన ఎన్ని ఎకరాలకు తడి ఆగిందో ఆ వివరం. రెండు: ఆ చేలు చేసిన కౌలుదారుల పేర్లు, ఇప్పుడు వాళ్లేం చేసుకు బతుకుతున్నారో ఆ సంగతి. అధికారుల దగ్గర మొదటి లెక్క సగం ఉండొచ్చు. రెండో లెక్క ఎవరూ రాయలేదు. అది మనం రాసి, కలెక్టరు గారికి ఇచ్చే అర్జీలతో పాటు నగర పంచాయతీ ముందూ పెడదాం.

ఊరు పెరగాలి. దుకాణాలు రావాలి, ఇళ్లు రావాలి. అవి వచ్చేటప్పుడు ఒక చేను ఖరీదు కట్టి, దాని పక్కన ఉన్న పది చేలనూ నాలుగు వీధులనూ ఉచితంగా వాడుకుంటామంటే మాత్రం ఒప్పుకునేది లేదు.